పాత అప్‌రైట్ పియానో తనంతట తానే వాయించేలా చేయడం ఎలా?

మనిషి చెయ్యి పడకుండా మెట్లు వాటంతట అవే దిగుతూ లేస్తూ ఉంటే చూడ్డానికి భలే ఉంటుంది. ఇది పాత విద్యే. 1895లో అమెరికాలో ఎడ్విన్ వోటీ తయారుచేసిన పియానోలా మామూలు పియానో ముందు నిలబెట్టే పెద్ద పెట్టె. దానికి ఫెల్ట్ అంటించిన చెక్క వేళ్లుండేవి. కాళ్లతో పెడళ్లు తొక్కితే తిత్తులు గాలి పీల్చేవి, చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట ఏ వేలు ఎప్పుడు దిగాలో చెప్పేది. ఇప్పుడు తిత్తుల బదులు సోలనాయిడ్లు, అంటే కరెంటు ఇస్తే లోపలి ఇనుప కడ్డీని కదిలించే తీగచుట్టలు (కాయిళ్లు). కాగితం బదులు మిడి ఫైలు, అంటే ఏ స్వరం ఎప్పుడు, ఎంత గట్టిగా మోగాలో రాసి ఉంచే కంప్యూటర్ ఫైలు. 1983లో వచ్చిన మిడి పద్ధతి ఈ పనికి ఇప్పటికీ సరిగ్గా సరిపోతుంది.

ముందే ఒక మాట. పియానోను గట్టిగా మోగించడం చాలా తేలిక, ఒక కాయిల్‌కు కరెంటు ఇస్తే చాలు. మెల్లగా, ప్రతిసారీ ఒకేలా మోగించడమే కష్టం. ఈ ప్రాజెక్టులో మీరు తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ "దీనివల్ల మెల్లని స్వరం బాగుపడుతుందా, చెడుతుందా?" అన్న ప్రశ్నతోనే తూచండి. ఈ సంగతి పట్టించుకోకుండా కట్టిన పియానోలు పిండి దంచినట్టు వాయిస్తాయి.

ఏ పియానో పనికొస్తుంది?

ముందుగా లోపలికి చూడండి. అందులో తిత్తులు, రబ్బరు గొట్టాలు, కాగితపు చుట్ట పెట్టే చోటు కనిపిస్తే అది పాత గాలి పియానో. దాన్ని పీకి సోలనాయిడ్లు పెట్టకండి. ఆ యంత్రాన్ని బాగుచేయించడమే సరైన పని. అలాగే మంచి స్థితిలో ఉన్న ఖరీదైన పియానోకు కోత పెట్టొద్దు. వోటీ చేసినట్టే, ముందు నిలబెట్టి పైనుంచి మెట్లు నొక్కే పెట్టె కట్టుకుంటే పియానోకు ఒక్క గీత కూడా పడదు. కింద చెప్పేదంతా మెట్ల వెనక భాగాన్ని కిందినుంచి తోసే పద్ధతి గురించి. బయటికి ఏమీ కనపడకుండా దాగేది ఇదొక్కటే.

శ్రుతి నిలిచే పియానో కావాలి. తీగలు చుట్టిన పిన్నులు వదులైపోతే ట్యూనర్ వచ్చి వెళ్లిన వారానికే శ్రుతి జారిపోతుంది. అలాంటిదాని మీద నెలల తరబడి శ్రమ పెట్టడం దండగ. తీగలన్నీ కలిపి లోపలి ఇనుప చట్రాన్ని 15 నుంచి 20 టన్నుల బలంతో లాగుతూ ఉంటాయి. అందుకని చట్రంలో పగులుంటే ఆలోచించకుండా వదిలేయండి. సౌండ్‌బోర్డులో (తీగల మోతను పెంచే వెనక చెక్క పలకలో) సన్నని పగులు మాత్రం, గరగర చప్పుడు రానంతవరకు, అంత పెద్ద లోపం కాదు.

తర్వాత మెట్లు. పియానో ముందు కూర్చుని 88 మెట్లనూ ఒక్కొక్కటిగా, వీలైనంత నెమ్మదిగా నొక్కండి. పై మూత తీసి సుత్తులను చూస్తూ నొక్కాలి. మెట్టు కదిలిన క్షణాన్నే సుత్తి కూడా కదలాలి. మెట్టు కొంత దిగాక సుత్తి కదిలిందంటే మధ్యలో ఖాళీ ఉన్నట్టు. మనిషి వేలు ఆ ఖాళీని సర్దుకుంటుంది, సోలనాయిడ్ సర్దుకోలేదు. అలాగే నొక్కుతూ పోతే, సుత్తి తీగకు సుమారు 3 మి.మీ. దూరంలో జాక్ (సుత్తిని తోసే చిన్న కర్ర) నుంచి విడిపడి కాస్త వెనక్కి వాలాలి. మెట్టు వదిలితే తడబడకుండా పైకి రావాలి. ఎక్కడెక్కడ తేడా ఉందో మెట్టు నంబరుతో సహా రాసుకోండి. మెట్ల రంధ్రాల్లోని గుడ్డ ఉబ్బడం, ఫెల్ట్‌ను పురుగు కొట్టడం, సుత్తుల కీళ్లు బిగుసుకుపోవడం లాంటివే ఎక్కువగా కనిపిస్తాయి. వీటిని బాగుచేయించి, శ్రుతి చేయించి, ఆ తర్వాతే ఎలక్ట్రానిక్స్ జోలికి వెళ్లండి. మెకానిజంలో ఉన్న లోపాన్ని సాఫ్ట్‌వేర్‌తో కప్పిపుచ్చడం కుదరదు.

ఇంకో జాగ్రత్త. అప్‌రైట్ పియానో 200 కిలోల పైచిలుకు ఉండొచ్చు, ఆ బరువులో ఎక్కువ భాగం వెనకవైపే ఉంటుంది. కింద పని చేయాలని ఒక్కరే వంచబోతే మీద పడుతుంది. కనీసం ముగ్గురుండాలి, వెనక గోడ కానీ గట్టి ఆసరా కానీ ఉండాలి.

ముందు ఒక్క మెట్టు

88 సోలనాయిడ్లు ఒకేసారి కొనేయాలన్న ఉత్సాహాన్ని ఆపుకోండి. రెండు మూడు రకాలు ఒక్కొక్కటి తెప్పించి, మధ్యలోని ఒక తెల్ల మెట్టు మీద పరీక్షించండి.

మెట్టు ముందు అంచున దాదాపు 50 గ్రాముల బరువు పెడితే నెమ్మదిగా దిగాలి. అంచు సుమారు 10 మి.మీ. దిగుతుంది. వెనక భాగం అందులో సగమో, కాస్త ఎక్కువో పైకి లేస్తుంది. ప్రయాణం తగ్గింది కాబట్టి బలం ఆ మేరకు ఎక్కువ కావాలి. అయితే 50 గ్రాములన్నది సుత్తిని కదిలించడానికి మాత్రమే. గట్టిగా మోగాలంటే సుత్తిని వేగంగా విసరాలి, దానికి కిలోల్లో బలం కావాలి.

సోలనాయిడ్ కొనేటప్పుడు జనం పొరపడేది ఇక్కడే. పెట్టె మీద రాసే బలం సాధారణంగా ప్లంజర్ (కాయిల్ లోపల కదిలే ఇనుప కడ్డీ) పూర్తిగా లోపలికి వెళ్లాక ఉండే బలం. మనకు కావలసింది ప్రయాణం మొదట్లో ఉండే బలం, అది చాలా తక్కువగా ఉంటుంది. డేటాషీట్‌లో దూరానికీ బలానికీ ఉన్న గ్రాఫ్ చూసి, 6 మి.మీ. దగ్గర ఎంతుందో చదవండి. గ్రాఫ్ ఇవ్వని సరుకు అయితే మెట్టు కింద పెట్టి చూడటమే మార్గం. 24 వోల్టులది, కరెంటు ఇస్తే లాగే రకం కాకుండా తోసే రకం తీసుకోండి. 12 వోల్టులదైతే అదే శక్తికి రెట్టింపు కరెంటు లాగుతుంది, తీగలు లావవుతాయి.

వేడి లెక్క కూడా ఇప్పుడే చూసుకోండి. కాయిల్ 24 ఓములనుకుందాం. 24 వోల్టులిస్తే 1 ఆంపియర్, అంటే 24 వాట్లు. అలాగే వదిలేస్తే కాసేపటికే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. కానీ ఆ బలం కావలసింది సుత్తి తీగను తాకేదాకానే, సెకనులో పదో వంతు లోపే. ఆ తర్వాత మెట్టును పట్టి ఉంచడానికి నాలుగో వంతు కరెంటు సరిపోతుంది. కరెంటు నాలుగో వంతైతే వేడి పదహారో వంతు, అంటే 1.5 వాట్లు. పీడబ్ల్యూఎంతో (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ సగటు శక్తిని తగ్గించే పద్ధతితో) "కొట్టు, తర్వాత పట్టి ఉంచు" అనే ఈ రెండు దశలు లేకుండా ఏ డిజైనూ నడవదు.

మెట్ల బల్లకు కోత

సుత్తుల అసెంబ్లీని బోల్టులు విప్పి ఒకే ముక్కగా బయటికి తీయండి. మెట్లకు ఎడమ నుంచి కుడికి 1 నుంచి 88 వరకు నంబర్లు రాసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే పెన్సిల్‌తో మీరే రాసి, అప్పుడు తీయండి. ఏ రెండు మెట్లూ అచ్చంగా ఒకలా ఉండవు.

మెట్లు ఒక అడ్డకర్ర మీద, పిల్లలాడే సీ-సా బల్లలా ఊగుతాయి. ఆ కర్రకూ, వెనక మెట్ల తోకలు ఆనే కర్రకూ మధ్య బల్లలో పొడవాటి సందు కోయాలి. వీలైనంత తోకకు దగ్గరగా గీయండి, అక్కడ తక్కువ బలంతో పనవుతుంది. ఆ బల్ల పియానో పెట్టె బిగువుకు ముఖ్యం. అందుకని ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా ఏకంగా కోసేయకుండా, మధ్య మధ్య చెక్క వంతెనలు వదలండి. బల్ల కింద కుడి పెడల్‌కు సంబంధించిన నిలువు కర్ర ఒకటి పైకి వెళ్తుంది, దాన్ని గుర్తించి తప్పించండి. రంపపు పొట్టు సుత్తుల దగ్గరికి చేరకుండా పైభాగాన్ని ప్లాస్టిక్ షీటుతో కప్పి ఉంచండి.

ఒక ఆక్టేవ్ వెడల్పు సుమారు 165 మి.మీ., అందులో 12 మెట్లు. అంటే ఒక్కో మెట్టుకు 13.75 మి.మీ. మాత్రమే చోటు. తగినంత బలమున్న సోలనాయిడ్లు 20 మి.మీ. పైనే ఉంటాయి, ఒకే వరసలో పట్టవు. రెండు లేదా మూడు వరసల్లో ఒకదానికొకటి ఎడంగా అమర్చుకోవాలి. వరసను బట్టి తోసే చోటు మారుతుంది, కావలసిన బలమూ మారుతుంది. కంగారుపడకండి, ఆ తేడాను తర్వాత ఒక్కో మెట్టుకు విడిగా సర్దుతాం.

సోలనాయిడ్లను అల్యూమినియం పట్టీల మీద బిగించి, ఆ పట్టీలను ఎత్తు సవరించే మరలతో బల్ల కింద వేలాడదీయండి. ప్లంజర్ కొనకు ఫెల్ట్ అంటించండి, అది కింద పడి ఆగే చోటా ఒక ఫెల్ట్ ముక్క పెట్టండి. టకటక చప్పుళ్లలో సగం అక్కడే తగ్గుతాయి. కరెంటు లేనప్పుడు ప్లంజర్ తన బరువుతో కిందికి జారి, మెట్టుకూ దానికీ మధ్య 1 మి.మీ. లోపు సందు మిగలాలి. సందు లేకపోతే ప్లంజర్ మెట్టును పైకి ఎత్తి పెడుతుంది, చేత్తో వాయించేవాళ్లకు తేడా వెంటనే తెలిసిపోతుంది. సందు మరీ ఎక్కువైతే ప్లంజర్ వేగం పుంజుకుని మెట్టును ఠక్కున గుద్దుతుంది, మెల్లని స్వరాలు పోతాయి. ఒక సన్నని కార్డు ముక్క పెట్టి 88 చోట్లా ఒకే సందు వచ్చేలా మరలు తిప్పండి. విసుగొచ్చే పనే. అయినా ఇక్కడ పెట్టిన ఓపిక తర్వాత సాఫ్ట్‌వేర్‌లో రెండింతలు మిగులుతుంది.

కరెంటు పని

మెదడుగా ఈఎస్‌పీ32 లేదా టీన్సీ లాంటి చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు చాలు. దాని పిన్నులు 88 కాయిళ్లకు చాలవు కాబట్టి మధ్యలో పీసీఏ9685 చిప్ ఉన్న బోర్డులు పెట్టుకోవచ్చు. ఒక్కోదానికి 16 అవుట్‌పుట్లు, ఆరు బోర్డులకు 96. మెట్లకు 88 పోగా పెడల్‌కూ మిగులుతాయి. దీనికి ఒక లోపముంది: పీడబ్ల్యూఎం ఫ్రీక్వెన్సీ సుమారు 1,500 హెర్ట్జ్ దాటదు, అది చెవికి వినపడే శబ్దమే. స్వరం పట్టి ఉంచినప్పుడు కాయిల్ సన్నగా కూస్తుంది. పట్టి ఉంచే శక్తిని మెట్టు జారిపోనంత వరకు తగ్గిస్తే కూత చాలావరకు అణుగుతుంది. ఎలక్ట్రానిక్స్‌లో చెయ్యి తిరిగినవారైతే 20 కిలోహెర్ట్జ్ పైన నడిచే సొంత సర్క్యూట్ వేసుకుంటే మేలు. కొత్తవాళ్లకు మాత్రం నేను పీసీఏ9685నే చెబుతాను.

ప్రతి కాయిల్‌కు ఒక లాజిక్-లెవెల్ మాస్‌ఫెట్ (బోర్డు ఇచ్చే చిన్న వోల్టేజీతోనే పెద్ద కరెంటును తెరిచి మూసే ట్రాన్సిస్టర్) కావాలి. ఐఆర్‌ఎల్‌జడ్44ఎన్ లాంటిది 5 వోల్టుల గేటుతో బాగా తెరుచుకుంటుంది. గేటు నుంచి గ్రౌండ్‌కు 10 కిలోఓముల రెసిస్టర్, కాయిల్‌కు అడ్డంగా తిరగేసిన షాట్కీ డయోడ్ తప్పనిసరి. డయోడ్ లేకపోతే కాయిల్ ఆగిన ప్రతిసారీ పుట్టే వోల్టేజీ దెబ్బకు మాస్‌ఫెట్ ఎగిరిపోతుంది.

పవర్ సప్లై విషయంలో లెక్క సులువు. పది వేళ్ల సంగీతానికి ఒకేసారి పది, పన్నెండు కాయిళ్లు కొట్టొచ్చనుకుంటే 12 ఆంపియర్లు, పెడల్ అదనం. 24 వోల్టులు, 15 ఆంపియర్లది తీసుకోండి. ఒక్కో బోర్డు దగ్గర 4,700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే పెద్ద కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుంపు) పడినప్పుడు వోల్టేజీ కుంగదు. కుంగితే కార్డులోని స్వరాలన్నీ ఒక్కసారిగా మెత్తబడతాయి.

భద్రత దగ్గర మాత్రం రాజీ పడొద్దు. ఇది చెక్క పెట్టె, లోపలంతా ఫెల్ట్, పొడి కర్ర. కరెంటు ఆగకుండా పోతున్న ఒక్క కాయిల్ చాలు అగ్గి రాజేయడానికి. ఎనిమిదేసి కాయిళ్లకు ఒక ఫ్యూజు వేయండి. ఏ మెట్టయినా 20 సెకన్లు దాటి పట్టి ఉంటే దానంతట అది వదిలేసేలా ప్రోగ్రాం రాయండి. మిడి సిగ్నల్ మధ్యలో తెగితే "ఆపు" అన్న సందేశం ఎప్పటికీ రాదు, అందుకే ఇది. ప్రోగ్రామే హ్యాంగ్ అయితే బోర్డును రీసెట్ చేసే వాచ్‌డాగ్‌ను ఆన్ చేయండి. పీసీఏ9685లో అవుట్‌పుట్లను తెరిచి మూసే ఓఈ పిన్నును రెసిస్టర్‌తో పైకి లాగి ఉంచితే, ప్రోగ్రాం సిద్ధమై దాన్ని కిందికి దింపేదాకా ఏ అవుట్‌పుటూ తెరుచుకోదు. 24 వోల్టుల లైనును ఒక్కసారిగా తెంచే పెద్ద స్విచ్చును చేతికందే చోట పెట్టండి. ఇంట్లో లేనప్పుడు ప్లగ్ పీకేసే అలవాటు చేసుకోండి.

మిడి నుంచి స్వరం దాకా

మిడిలో పియానో ఎడమ చివరి మెట్టు 21, కుడి చివరిది 108. ఒక్కో స్వరంతో పాటు, ఎంత గట్టిగా మోగాలో చెప్పే వెలాసిటీ అనే సంఖ్య వస్తుంది, 1 నుంచి 127 వరకు. సున్నా వస్తే మెట్టు వదలమని. కుడి పెడల్‌కు కంట్రోల్ నంబర్ 64. కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ మిడి వాడితే సర్క్యూట్ బాధ లేదు. పాత గుండ్రటి మిడి సాకెట్ కావాలంటే సెకనుకు 31,250 బిట్ల వేగం, మధ్యలో 6ఎన్138 లాంటి ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుగు ద్వారా దాటించే చిప్) కావాలి.

అసలు పని వెలాసిటీని కాయిల్ భాషలోకి మార్చడం. బలం మరీ తక్కువైతే సుత్తి తీగదాకా వెళ్లక మెట్టు ఊరికే దిగుతుంది. కాస్త పెంచితే ఒకసారి మోగి ఒకసారి మోగదు. ఇంకాస్త పెంచితే ప్రతిసారీ మోగుతుంది. ఆ మూడో బిందువే ఆ మెట్టుకు కనిష్ఠం. దాన్ని ఇలా పట్టుకోండి: 25 శాతం శక్తితో మొదలుపెట్టి ఒక్కో శాతం పెంచుతూ, ప్రతి దగ్గరా పదిసార్లు కొట్టించండి. పదికి పది మోగిన మొదటి అంకెను పట్టికలో రాయండి. బాస్ వైపు సుత్తులు బరువు కాబట్టి అక్కడ అంకె ఎక్కువొస్తుంది, కుడి చివర తక్కువ. పక్క మెట్లతో పొంతన లేకుండా ఒక అంకె ఎగిరి పడిందంటే సాఫ్ట్‌వేర్ వదిలేసి ఆ మెట్టు దగ్గరికి వెళ్లండి. రాపిడో, సందు తేడానో ఉంటుంది.

ఓపిక లేకపోతే మైక్రోఫోన్ పెట్టి, మోగిందా లేదా, ఎంత గట్టిగా మోగింది అన్నది ప్రోగ్రామే రాసుకునేలా చేయొచ్చు. రాత్రంతా నడిపించేయాలని మాత్రం చూడకండి. మనిషి పక్కనుండాలి.

గరిష్ఠాన్ని వంద శాతం దగ్గర పెట్టకండి. గదిలో వినడానికి బాగుండే పై హద్దు చెవితో తేల్చుకుని, 127కు ఆ విలువ ఇవ్వండి. కనిష్ఠానికీ దానికీ మధ్య సరళరేఖ గీసి మొదలుపెట్టినా, మధ్య విలువలు విన్నాక రేఖను వంచాల్సి వస్తుంది.

మెల్లని స్వరానికి ఇంకో చిక్కుంది: అది ఆలస్యంగా మోగుతుంది. తక్కువ బలంతో తోస్తే సుత్తి తీగను చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది మరి. ఒకే క్షణాన మోగాల్సిన కార్డులో పైస్వరం గట్టిగా, కింది స్వరాలు మెల్లగా ఉంటే అన్నీ చెల్లాచెదురుగా వినిపిస్తాయి. కాయిల్‌తో పాటు వెలిగేలా ఒక ఎల్‌ఈడీ పెట్టి, ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ తీయండి. ఎల్‌ఈడీ వెలిగిన ఫ్రేము నుంచి సుత్తి తీగను తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల పైచిలుకు. 24 ఫ్రేములంటే 100 మిల్లీసెకన్లు. మూడు నాలుగు బలాల దగ్గర కొలిచి పట్టికలో చేర్చండి. తర్వాత వచ్చిన ప్రతి స్వరాన్నీ 500 మిల్లీసెకన్లు ఆపి, ఆ స్వరానికి పట్టే ఆలస్యాన్ని అందులోంచి తీసేసి కాయిల్ ఆన్ చేయండి. తనంతట తానే వాయించే యమహా పియానో డిస్క్‌లావియర్‌లోనూ ఇలాంటి అర సెకను ఆలస్యమే ఉంటుంది.

ఒకే స్వరం వెంటవెంటనే వచ్చే చోట మెట్టు దాదాపు పూర్తిగా పైకి లేవాలి, లేకపోతే జాక్ మళ్లీ సుత్తి కిందికి చేరదు. అప్‌రైట్ పియానో సెకనుకు ఏడు దాకా అందుకుంటుంది, గ్రాండ్ పియానో వేగం దీనికి రాదు. మిడి ఫైల్లో రెండు స్వరాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే మొదటిదాన్ని ముందుగా వదిలేసి, 60 మిల్లీసెకన్ల ఎడం ఇచ్చి చూడండి.

పెడల్, ఆ తర్వాత

మెట్టు వదిలాకా స్వరాన్ని మోగనిచ్చేది కుడి పెడల్. అది లేని పియానో సంగీతం ఎండిపోయినట్టుంటుంది. పెట్టె అడుగున పెడల్ నుంచి పైకి వెళ్లే కర్రకు ఒక పెద్ద సోలనాయిడ్ తగిలించండి. ఇది కిలోల బరువు లాగాలి, పడినప్పుడు ధడేలుమంటుంది. కింద మందమైన ఫెల్ట్ వేసి, శక్తిని సెకనులో పదో వంతు పాటు మెల్లగా పెంచితే చప్పుడు చాలా తగ్గుతుంది. కొందరు సర్వో మోటారు వాడతారు. అది నిదానం, కానీ సగం పెడల్ కూడా పట్టగలదు.

ఫైళ్ల విషయంలో ఒక సలహా. కంప్యూటర్‌లో మౌస్‌తో అచ్చేసిన మిడి ఫైళ్లలో వెలాసిటీలన్నీ ఒకేలా ఉంటాయి. మీరు పడ్డ శ్రమంతా వాటితో వృథా. నిజమైన పియానిస్టులు వాయిస్తుండగా రికార్డు చేసినవి వెతకండి. గూగుల్ మజెంటా బృందం 2018లో విడుదల చేసిన మాయెస్ట్రో సేకరణలో దాదాపు 200 గంటల పియానో వాదన ఉంది. పోటీల్లో డిస్క్‌లావియర్ల మీద వాయించినప్పుడు వెలాసిటీ, పెడల్‌తో సహా పట్టినవి అవి. వ్యాపారానికి వాడుకోకూడదన్న షరతు ఉంది.

మొదటి కచేరీ అరగంట నడిచాక మెల్లని స్వరాలు కొన్ని మాయమైతే ప్రోగ్రామును తిట్టుకోకండి. రాగి తీగ నిరోధం ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. కాయిల్ 50 డిగ్రీలు వేడెక్కితే నిరోధం 20 శాతం పెరుగుతుంది, కరెంటు ఆ మేరకు పడిపోతుంది. అందుకే కనిష్ఠాలు రాసుకునే ముందు ఏదైనా పాటను ఇరవై నిమిషాలు ఆడించి కాయిళ్లను వెచ్చబరచండి. ఇంకా మెరుగ్గా కావాలంటే ఒకటి రెండు కాయిళ్లకు ఉష్ణోగ్రత సెన్సర్ అంటించి, వేడిని బట్టి శక్తిని కొద్దిగా పెంచండి.

గాలిలో తేమ మారితే మెట్ల రాపిడి మారుతుంది, కనిష్ఠాలూ జరుగుతాయి. వానాకాలానికీ ఎండాకాలానికీ రెండు పట్టికలు పెట్టుకున్నా తప్పులేదు. ట్యూనర్ వచ్చే రోజున 24 వోల్టుల స్విచ్చు ఆపేసి, లోపల ఏముందో ముందే చెప్పండి. పట్టీలు విప్పకుండానే మెట్లు పైకి తీయగలిగేలా కట్టి ఉంటే ఆయన పని మామూలుగానే సాగుతుంది. ఆయన మెట్ల ఎత్తు, సందులు సవరించి వెళ్తే ఆ సాయంత్రమే కార్డు ముక్కతో ప్లంజర్ సందులు చూసి, కనిష్ఠాల పట్టికను మళ్లీ రాయండి.